సోనిక్ యూత్ – మడ్‌హనీ స్ప్లిట్ సింగిల్ (సబ్ పాప్, 1988): ఏ వైపు నెగ్గింది?

విభాగం: విదేశీ రాక్, పంక్ › ఏడంగుళాల రికార్డులు

సూదిమొన | హైదరాబాద్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ రికార్డు పేరు వేరే థ్రెడ్లలో అక్కడక్కడ దొర్లింది గానీ దీనికంటూ ఒక థ్రెడ్ లేదు. అందుకే మొదలుపెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం: 1988 డిసెంబర్‌లో సియాటిల్ కంపెనీ సబ్ పాప్ వేసిన ఏడంగుళాల సింగిల్ ఇది. స్ప్లిట్ అంటే ఒక్కో వైపు ఒక్కో బృందం. ఒక వైపు సోనిక్ యూత్ వాళ్లు మడ్‌హనీ పాట 'టచ్ మీ అయామ్ సిక్' వాయించారు. తిప్పి పెడితే మడ్‌హనీ వాళ్లు సోనిక్ యూత్ పాట 'హాలోవీన్' వాయించారు. అంటే ఎవరి పాట వాళ్లు పాడుకోలేదు, ఒకరిది ఒకరు పాడారు. ఇలా వేరేవాళ్ల పాటని మళ్లీ వాయిస్తే దాన్ని కవర్ అంటారు.

సోనిక్ యూత్ 1981 నుంచీ న్యూయార్క్‌లో పాతుకుపోయిన బృందం. 1988 అక్టోబర్‌లోనే 'డేడ్రీమ్ నేషన్' అనే డబుల్ ఆల్బమ్ వేశారు. మడ్‌హనీ పుట్టిందే ఆ ఏడాది జనవరిలో, 'టచ్ మీ' సింగిల్ వచ్చింది ఆగస్టులో. నాలుగు నెలల పసి పాటని అంత సీనియర్లు ఎందుకు ఎత్తుకున్నారు? స్నేహమా, వ్యాపారమా? మీ ఓటు ఏ వైపుకో కూడా చెప్పండి. నాదైతే మడ్‌హనీ వైపుకే, కారణం తర్వాత రాస్తా.

కాకినాడ_కాసెట్ | శుక్రవారం, రాత్రి 9:31

మా వైపు దీన్ని కుండమార్పిడి అంటారండి. మీ పిల్ల మా ఇంటికి, మా పిల్ల మీ ఇంటికి. కట్నాల గొడవ ఉండదు, కానీ ఒక ఇంట్లో అలిగితే రెండిళ్లలోనూ వంట ఆగిపోద్ది.

గల్లీ_గిటార్ | హైదరాబాద్ | శుక్రవారం, రాత్రి 9:40

ఇగ ఈ థ్రెడ్‌కు పేరు దొరికింది అన్నా 😂

బెల్‌వ్యూ_బాబాయ్ | వాషింగ్టన్ రాష్ట్రం | శుక్రవారం, రాత్రి 11:05

సూదిమొన గారూ, మంచి విషయం ఎత్తారు. అది పైకి కనిపించేంత హఠాత్తుగా జరిగిన సంబంధం కాదు.

సబ్ పాప్ కంపెనీ కాకముందు ఒక చిన్న పత్రిక. బ్రూస్ పావిట్ 1980లో 'సబ్‌టెరేనియన్ పాప్' పేరుతో ఒలింపియా ఊళ్లో మొదలుపెట్టాడు. పెద్ద నగరాల బయట ఎక్కడెక్కడ ఏ బృందాలు వాయిస్తున్నాయో వెతికి రాయడం అతని పని. మధ్యలో కొన్ని సంచికలు కాసెట్ల రూపంలో వచ్చాయి. 1986లో 'సబ్ పాప్ 100' అని ఎల్పీ సంకలనం వేశాడు, అందులో సోనిక్ యూత్ కూడా ఉంది. అంటే ఈ స్ప్లిట్‌కి రెండేళ్ల ముందే పావిట్‌కీ వాళ్లకీ రాకపోకలున్నాయి.

ఇక మడ్‌హనీ గాయకుడు మార్క్ ఆర్మ్, గిటారిస్టు స్టీవ్ టర్నర్ అంతకుముందు గ్రీన్ రివర్ అనే బృందంలో ఉండేవాళ్లు. టర్నర్ మధ్యలోనే బయటికొచ్చేశాడు. సోనిక్ యూత్ సియాటిల్ వచ్చినప్పుడు గ్రీన్ రివర్ వాళ్ల కచేరీకి ముందు వాయించింది. 1987 చివర్లో గ్రీన్ రివర్ విడిపోయాక ఒక ముక్క మడ్‌హనీ అయింది, ఇంకో ముక్క మదర్ లవ్ బోన్ మీదుగా పెర్ల్ జామ్ దాకా వెళ్లింది. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

కాబట్టి స్నేహమా వ్యాపారమా అంటే రెండూ. సోనిక్ యూత్ పేరు పక్కన తమ పేరు అచ్చయితే మడ్‌హనీకి ఇంగ్లండ్‌లో తలుపులు తెరుచుకుంటాయి. తెరుచుకున్నాయి కూడా. 1989 మార్చిలో మెలొడీ మేకర్ పత్రికలో ఎవరెట్ ట్రూ సియాటిల్ మీద రాసిన వ్యాసం వచ్చింది, ఆ వసంతంలోనే మడ్‌హనీ సోనిక్ యూత్‌తో కలిసి బ్రిటన్‌లో తిరిగింది. మరి సోనిక్ యూత్‌కి ఒరిగిందేంటి? ఎక్కడో వాయవ్య మూల కొత్తగా పుట్టిన గోలని మాకే ముందు వినబడింది అని చెప్పుకోగలిగారు. వాళ్ల గిటారిస్టు థర్స్టన్ మూర్‌కి ఆ సరదా బాగా ఉండేది. కొత్త బృందాల సింగిల్స్ ఏరుకొచ్చి పదిమందికీ వినిపించే మనిషి.

సూదిమొన | శుక్రవారం, రాత్రి 11:22

థాంక్యూ బాబాయ్ గారూ. 'సబ్ పాప్ 100' సంగతి ఈ లెక్కలో ఎప్పుడూ పెట్టుకోలేదు, చాలా చిక్కు విడిపోయింది.

నా ఓటుకి కారణం: 'టచ్ మీ' అసలు రికార్డు దాన్ని మించిపోనివ్వదు. రెండున్నర నిమిషాలు, ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు, మార్క్ ఆర్మ్ గొంతు చిరిగిపోతున్నట్టు ఉంటుంది. దాన్ని ఎవరు వాయించినా రెండో స్థానమే. 'హాలోవీన్' అలా కాదు. 1985లో వచ్చిన ఒరిజినల్‌లో సోనిక్ యూత్ మనిషి కిమ్ గోర్డన్ ఐదు నిమిషాల పైచిలుకు మత్తుగా, కదలకుండా పాడుతుంది. ఆ ఖాళీలో ఇంకొకళ్లు వచ్చి కూర్చోవడానికి చోటుంది. మడ్‌హనీ వచ్చి కూర్చుంది.

ఫజ్‌పెడల్ | బెంగళూరు | శనివారం, ఉదయం 7:50

కూర్చోవడమా! సోఫా విరగ్గొట్టారు.

గిటార్ల సంగతి చెప్తా, ఎందుకంటే ఈ సింగిల్ మొత్తం అక్కడే ఉంది. సోనిక్ యూత్ శ్రుతులు మామూలు శ్రుతులు కావు. ఒక్కో పాటకి ఒక్కో రకంగా తీగలు బిగిస్తారు, అందుకే వేదిక మీదకి గుట్టలకొద్దీ గిటార్లు మోసుకొస్తారు. తీగల కింద డ్రమ్ కర్రలు, స్క్రూడ్రైవర్లు దూరుస్తారు. 'హాలోవీన్' అసలు రికార్డులో ఆ వింత గంట మోతలాంటిది అలా పుట్టిందే. ఆ శ్రుతి తెలియకుండా పాట వాయించాలంటే చేతికి ఏమీ చిక్కదు.

మడ్‌హనీ ఆ జోలికే పోలేదు. వాళ్ల దగ్గరున్నవి రెండు పెడళ్లు: యూనివాక్స్ సూపర్ ఫజ్, ఎలక్ట్రో హార్మోనిక్స్ బిగ్ మఫ్. ఆ అక్టోబర్‌లో వచ్చిన వాళ్ల మొదటి ఈపీకి (చిన్న ఆల్బమ్‌కి) పేరే 'సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్'. సూపర్ ఫజ్ మనం మీటిన స్వరం పైన ఒక స్థాయి ఎక్కువ స్వరాన్ని కూడా కలిపి గరగరలాడిస్తుంది. బిగ్ మఫ్ దట్టంగా, ఎంతసేపు పట్టుకుంటే అంతసేపు మోగుతుంది. ఈ రెండిటితో 'హాలోవీన్' పునాది రిఫ్‌ని (పదేపదే తిరిగొచ్చే గిటార్ ముక్కని) పట్టుకుని ఆరు నిమిషాలు దాటేదాకా లాగారు. కిమ్ గుసగుసలాడిన చోట ఆర్మ్ మొదట గొణిగి, తర్వాత అరుస్తాడు. సూదిమొన గారి ఓటే నాదీనూ.

లా_పాయింట్ | విజయవాడ | శనివారం, ఉదయం 10:15

నాది సోనిక్ యూత్ వైపు. ఇక్కడ అందరూ గిటార్లే వింటున్నారు, పాడుతున్నది ఎవరో చూడటం లేదు.

'టచ్ మీ' మార్క్ ఆర్మ్ పాడితే తన రోగాన్ని తానే జెండాలా ఎగరేసుకునే మగవాడి వెకిలితనం. అది బాగుంటుంది, నవ్వొస్తుంది. సోనిక్ యూత్ రికార్డులో అవే మాటలు కిమ్ గోర్డన్ పాడుతుంది. ఎయిడ్స్ భయం అమెరికా అంతా పాకి ఉన్న 1988లో, ఒక ఆడగొంతు ఏ బెరుకూ లేకుండా ఆ మాటలు అంటుంటే అందులో వెకిలితనం పోయి బెదిరింపు వచ్చింది. అరవదు చూడండి. పక్కన నిలబడి చెప్తున్నట్టు ఉంటుంది. అసలు పాటలో లేని మనిషి ఒకామె అందులోకి వచ్చింది. కవర్ అంటే నా దృష్టిలో అది.

ఇంకో సంగతి. 'హాలోవీన్' అసలు పాడినది కూడా కిమ్మే. అంటే ఈ సింగిల్‌లో ఆమె తన పాటని ఆర్మ్‌కిచ్చి అతని పాటని తీసుకుంది. కుండమార్పిడి నిజానికి రెండు గొంతుల మధ్య జరిగింది.

గల్లీ_గిటార్ | శనివారం, ఉదయం 10:48

అక్కా, మస్తు చెప్పినవ్. నేను అటు మొగ్గుతున్న.

కానీ ఒక డౌటు. వీటిని పంక్ కవర్లు అంటున్నరు కదా, 'హాలోవీన్' పంక్ ఎట్ల అయితది? పంక్ అంటే రామోన్స్, డెడ్ బాయ్స్, డిక్స్. రెండు నిమిషాలల్ల మొదలై రెండు నిమిషాలల్ల అయిపోవాలె. గిదేమో ఆరు నిమిషాల నిద్రమాత్ర.

కాకినాడ_కాసెట్ | శనివారం, ఉదయం 11:02

ఆరు నిమిషాల నిద్రమాత్ర అన్నందుకు ఫజ్‌పెడల్ గారు ఇప్పుడు ఆరు పేరాలు రాస్తారు చూడండి.

బెల్‌వ్యూ_బాబాయ్ | శనివారం, ఉదయం 11:40

ఆయన్ని కాస్త టిఫిన్ చెయ్యనివ్వండి, నేను రాస్తా.

గల్లీ తమ్ముడూ, నీ లెక్క వేగం మీద. ఈ మనుషుల లెక్క వేరు. సోనిక్ యూత్ న్యూయార్క్ నో వేవ్ (బాణీ కన్నా చప్పుడునే నమ్ముకున్న ధోరణి) నుంచి వచ్చినవాళ్లే అయినా 1983లో 'కన్ఫ్యూజన్ ఈజ్ సెక్స్' ఆల్బమ్‌లో స్టూజెస్ బృందం పాట 'ఐ వానా బీ యువర్ డాగ్' వాయించారు. 1992లో 'డర్టీ'లో 'నిక్ ఫిట్' ఉంది, అది వాషింగ్టన్ డీసీ హార్డ్‌కోర్ (ఇంకా వేగం పెంచిన పంక్) బృందం అన్‌టచబుల్స్ పాట, నిమిషం లోపే అయిపోద్ది. ఆ బృందంలో పాడింది డీసీ పంక్‌లో పెద్ద పేరైన ఇయాన్ మెకాయ్ తమ్ముడు అలెక్. అదే ఆల్బమ్‌లో 'యూత్ అగెయిన్‌స్ట్ ఫాసిజం'లో ఇయాన్ స్వయంగా గిటార్ వాయించాడు. పంక్ వాళ్ల ఇంటి సరుకే.

మడ్‌హనీ సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్రీన్ రివర్ 1986 సింగిల్ వెనక వైపు డెడ్ బాయ్స్ పాట. మడ్‌హనీ డిక్స్ వాళ్ల 'హేట్ ద పోలీస్' వాయించారు. అసలుది 1980 టెక్సస్ సింగిల్, గ్యారీ ఫ్లాయిడ్ పాడినది. నువ్వు చెప్పిన డిక్సే. ఫ్యాంగ్ అనే బృందం పాట 'ద మనీ విల్ రోల్ రైట్ ఇన్' కూడా వాయించారు. ఫ్యాంగ్ పేరు గుర్తుంచుకోండి, ఆ పేరుతో పని పడుతుంది.

ఫజ్‌పెడల్ | శనివారం, మధ్యాహ్నం 12:20

టిఫిన్ అయింది. బాబాయ్ గారు ఫ్యాంగ్ పేరు ఎందుకు ఆపారో నాకు తెలుసు. బోనర్ రికార్డ్స్ కదా?

బెల్‌వ్యూ_బాబాయ్ | శనివారం, మధ్యాహ్నం 12:33

అదే. మీరే చెప్పండి.

ఫజ్‌పెడల్ | శనివారం, మధ్యాహ్నం 1:10

సరే, ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

ఈ స్ప్లిట్‌కి 1990లో ఒక జవాబు వచ్చింది. అదీ ఏడంగుళాలే, అదీ రెండు బృందాలే. ఒక వైపు మెల్విన్స్, ఇంకో వైపు స్టీల్ పోల్ బాత్ టబ్. మెల్విన్స్ వాయించింది మడ్‌హనీ పాట 'స్వీట్ యంగ్ థింగ్ ఐంట్ స్వీట్ నో మోర్'. స్టీల్ పోల్ వాయించింది సోనిక్ యూత్ పాట 'ఐ డ్రీమ్డ్ ఐ డ్రీమ్', 1982లో వచ్చిన వాళ్ల మొట్టమొదటి ఈపీలోది.

కొంటెతనం ఎక్కడుందంటే, 'స్వీట్ యంగ్ థింగ్' అనేది 'టచ్ మీ' సింగిల్‌కి వెనక వైపు పాట. మీరు ముందు వైపు పంచుకున్నారా, మాకు వెనక వైపు చాలు అన్నట్టు. పైగా ఈ జవాబు స్ప్లిట్‌లో ఎవరూ ఎవరితోనూ మార్చుకోలేదు. ఇద్దరూ మూడో వాళ్ల పాటలు వాయించి, సబ్ పాప్ వాళ్ల సంబరాన్ని పక్క కంపెనీ అట్ట మీద మళ్లీ జరిపారు.

ఇంకా లోపలికి వెళ్తే చుట్టరికాలు తేల్తాయి. మడ్‌హనీలో బేస్ వాయించే మాట్ లూకిన్ అంతకుముందు మెల్విన్స్‌లో బేస్ వాయించినవాడే. మెల్విన్స్ వాషింగ్టన్ రాష్ట్రం వదిలి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లారు, లూకిన్ అక్కడే ఉండిపోయాడు. కాబట్టి మెల్విన్స్ మడ్‌హనీ పాట ఎత్తుకోవడం అంటే తమతో లేని పాత మనిషి కొత్త బృందాన్ని గిల్లడం అని కూడా వినొచ్చు. అలా వినాలని రూలేం లేదు, నాకు అలా వినడం సరదా. ఇక ఆ రికార్డు వేసిన బోనర్ రికార్డ్స్ నడిపింది టామ్ ఫ్లిన్. ఆయన ఫ్యాంగ్ గిటారిస్టు. అంటే మడ్‌హనీ ఎవరి పాట వాయించిందో ఆయన తన కంపెనీలో మడ్‌హనీ పాటకి కవర్ వేశాడు.

వినడానికి ఎలా ఉంటుంది అంటే, మెల్విన్స్ మెల్విన్సే. అసలే నెమ్మదిగా సాగే పాటని ఇంకా కిందకి దింపారు. బజ్ ఆస్‌బర్న్ గొంతు, డేల్ క్రోవర్ డ్రమ్ములు. బరువు తప్ప ఏమీ ఉండదు. నాకు నచ్చింది.

సూదిమొన | శనివారం, మధ్యాహ్నం 1:34

దీని కోసం ఇప్పుడు ఎక్కడ వెతకాలి నేను 😩

గల్లీ_గిటార్ | శనివారం, మధ్యాహ్నం 1:50

స్టీల్ పోల్ బాత్ టబ్ అంటే ఎవరన్నా? పేరు కూడా ఇప్పుడే వింటున్న.

బెల్‌వ్యూ_బాబాయ్ | శనివారం, మధ్యాహ్నం 2:15

మోంటానాలోని బోజ్‌మన్ నుంచి బయల్దేరి శాన్ ఫ్రాన్సిస్కో చేరిన ముగ్గురు. బేస్ మోత ముందుండి నడిపిస్తుంది, మధ్యమధ్యలో టేపుల మీంచి తీసిన మాటలు, చప్పుళ్లు. 1989 'బటర్‌ఫ్లై లవ్' విను, అదీ బోనర్‌దే.

లా_పాయింట్ | శనివారం, సాయంత్రం 4:05

నా వృత్తి వైపు నుంచి ఒక ముచ్చట. ఎవరి పాట ఎవరో పాడితే డబ్బు ఎటు పోతుంది అన్నది ఈ సింగిల్‌లో భలే సరదాగా ఉంటుంది.

అమెరికాలో ఒక పాట ఒకసారి రికార్డుగా జనంలోకి వెళ్లాక ఎవరైనా దాన్ని మళ్లీ రికార్డు చేసుకోవచ్చు. రాసినవాళ్ల అనుమతి కోసం ఆగక్కర్లేదు, చట్టం చెప్పిన రేటు కడితే చాలు. ఆ రేటు 1988లో పాటకి 5.25 సెంట్లు, లేదా నిమిషానికి ఒక సెంటు, ఏది ఎక్కువైతే అది. నిమిషంలో ముక్కని పూర్తి నిమిషంగా లెక్కేస్తారు. ఇప్పుడు చూడండి. 'టచ్ మీ' రెండున్నర నిమిషాలు, కాబట్టి మడ్‌హనీకి 5.25 సెంట్లు. మడ్‌హనీ వాయించిన 'హాలోవీన్' ఆరు దాటి ఏడో నిమిషంలోకి పోయింది, కాబట్టి సోనిక్ యూత్‌కి 7 సెంట్లు. వెయ్యి కాపీలకి చట్టప్రకారం 52 డాలర్ల 50 సెంట్లు ఒక ఇంటికి, 70 డాలర్లు ఇంకో ఇంటికి. మిత్రులు ఆ లెక్కే కట్టుకున్నారని నేను అనడం లేదు, చట్టం లెక్క చెప్తున్నా.

మన దేశంలో ఇది ఇలా కుదరదు. కాపీరైట్ చట్టం 31సీ ప్రకారం, యజమాని అనుమతి లేకుండా కవర్ వేయాలంటే మొదటి రికార్డు వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఆగాలి. నాలుగు నెలల పాట అంటే ప్రశ్నే లేదు. ఏడాదికి కనీసం 50,000 కాపీలకి రాయల్టీ ముందే కట్టాలి. ఫలానా భాష లేదా యాస పాటలు ఎంతమందికి చేరగలవో చూసి ఆ సంఖ్య తగ్గించే వీలుంది, అది వేరే మాట. పాటలో సాంకేతికంగా అవసరమైన దానికి మించి మార్పులు చేయకూడదు. మెల్విన్స్ గనక ఇక్కడ ఉండి ఉంటే రోజూ కోర్టులోనే.

నాకు నవ్వు తెప్పించేది ఇంకోటి. కవర్ రికార్డు అట్ట మీద అది కవర్ అని రాయాలి, కానీ పాత రికార్డులో పాడినవాళ్ల పేరు గానీ బొమ్మ గానీ అట్ట మీద ఉండకూడదు. కొనేవాడు పొరబడకూడదని ఆ నియమం. ఇక్కడేమో 'హాలోవీన్' కవర్ అట్ట మీద సోనిక్ యూత్ పేరు ఉండక తప్పదు, ఎందుకంటే తిప్పితే వాళ్లే ఉన్నారు! కుండమార్పిడి స్ప్లిట్‌ని 31సీ కిందకి తేవడం అసాధ్యం. రెండు పక్షాలూ మాట్లాడుకుని ఒప్పందం రాసుకుంటే మాత్రం ఏ గొడవా లేదు. యూట్యూబ్‌లో తెలుగు సినిమా పాటల కవర్లు పెట్టే మన పిల్లలు 31సీ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. అందులో షరతులు చదవమని వాళ్లకి చెప్పండి.

కాకినాడ_కాసెట్ | శనివారం, సాయంత్రం 4:20

మేడమ్ గారూ, మా మేనల్లుడికి ఫార్వర్డ్ చేశానండి. వాడు ఇప్పటిదాకా ధైర్యంగానే ఉన్నాడు.

మోడరేటర్ | శనివారం, సాయంత్రం 5:00

31సీ మీద ప్రశ్నలు 'హక్కులు, లైసెన్సులు' విభాగంలో అడగండి. ఇక్కడ రికార్డు గురించే.

నలభైఐదు | చెన్నై | శనివారం, సాయంత్రం 6:42

ఆలస్యంగా వచ్చా. నిర్వాణ స్ప్లిట్ల పేరు ఇంకా ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యం. 1991లో కమ్యూనియన్ లేబుల్ వేసినది ఈ సబ్జెక్టుకి సరిగ్గా సరిపోతుంది. నిర్వాణ 'హియర్ షీ కమ్స్ నౌ', తిప్పితే మెల్విన్స్ 'వీనస్ ఇన్ ఫర్స్'. రెండూ వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే పాత బృందం పాటలే. నిర్వాణ దాన్ని 1990 ఏప్రిల్‌లో స్మార్ట్ స్టూడియోస్‌లో నిర్మాత బుచ్ విగ్ దగ్గర రికార్డు చేశారు, అప్పటికి డ్రమ్ములు చాడ్ చానింగ్. మెత్తగా మొదలై చివరికి గొంతు చించుకునేదాకా వెళ్తుంది.

1991 జనవరిలో సబ్ పాప్ వేసిన నిర్వాణ – ఫ్లూయిడ్ స్ప్లిట్ కూడా ఉంది. నిర్వాణ వైపు వాసెలైన్స్ పాట 'మాలీస్ లిప్స్', 1990 ఫిబ్రవరిలో పోర్ట్‌లాండ్‌లో వేదిక మీద తీసినది. కంపెనీ నుంచి బయటపడే ఒప్పందంలో భాగంగా విడుదలైంది. రికార్డు లోపలి అంచు మీద 'లేటర్' అని గీకి ఉంటుంది. వెళ్లొస్తాం అన్నమాట.

ఫజ్‌పెడల్ | శనివారం, సాయంత్రం 7:15

రెండిట్లో మొదటిదే ఈ థ్రెడ్‌కి దగ్గర. ఫ్లూయిడ్ తమ సొంత పాట 'క్యాండీ' వాయించారు కాబట్టి అక్కడ మారకం లేదు. 1993లో జీసస్ లిజర్డ్‌తో వచ్చిన స్ప్లిట్‌లోనూ ఎవరి పాట వాళ్లదే. నిజం చెప్పాలంటే 'మాలీస్ లిప్స్' రికార్డింగ్ నాకు పెద్దగా ఎక్కదు. జనం 'లేటర్' అనే గీత కోసం కొంటారు.

నలభైఐదు | శనివారం, సాయంత్రం 7:21

నేను ఆ గీత కోసమే కొన్నా, తప్పేముంది 🙂

ఇంకొకటి, కొత్త తరం వాళ్లది. 2011 రికార్డ్ స్టోర్ డేకి (రికార్డు దుకాణాల పండగ రోజుకి) వార్నర్ వాళ్లు ఒక ఏడంగుళాలది వేశారు. ఒక వైపు హస్కర్ డూ అసలు పాట 'డోంట్ వాంట్ టు నో ఇఫ్ యూ ఆర్ లోన్లీ', వెనక గ్రీన్ డే వాయించిన అదే పాట. అసలు, కవర్ ఒకే రికార్డు మీద.

లా_పాయింట్ | శనివారం, రాత్రి 8:02

అది నాకు పరీక్ష పేపర్ పక్కన జవాబు పత్రం పెట్టినట్టు అనిపిస్తుంది. పోల్చి చూసుకోమని చేతికిచ్చేస్తారు. 1988 సింగిల్‌లో అసలు పాటలు రెండూ బయటే ఉన్నాయి. విన్నవాళ్లకి అవి ముందే తెలిసుండాలి, లేదా ఇది విన్నాక వెతుక్కుంటూ పోవాలి. సోనిక్ యూత్ అభిమాని 'టచ్ మీ' విని సియాటిల్‌కి ఉత్తరం రాస్తాడు, సియాటిల్ కుర్రాడు 'హాలోవీన్' విని 1985 సింగిల్ కోసం దుకాణాలు తిరుగుతాడు. బాబాయ్ గారన్న వ్యాపారం నాకు ఇందులో కనిపిస్తుంది.

బెల్‌వ్యూ_బాబాయ్ | శనివారం, రాత్రి 9:10

బాగా అన్నారమ్మా. ఉత్తరం అన్నారు కాబట్టి చెప్తున్నా, 1988 నవంబర్‌లోనే సబ్ పాప్ సింగిల్స్ క్లబ్ మొదలైంది. చందా కడితే పోస్టులో సింగిల్స్ ఇంటికొస్తాయి. మొట్టమొదటిది నిర్వాణ 'లవ్ బజ్', వెయ్యి కాపీలు, చేత్తో నంబర్లు వేసినవి. అది కూడా కవరే, డచ్ బృందం షాకింగ్ బ్లూ పాట. 'టచ్ మీ' మొదటి అచ్చు కూడా వెయ్యే, అందులో 800 కాఫీ రంగువి. తక్కువ వేసి, రంగు మార్చి, అయిపోయిందని చెప్పి ఊరించడం పావిట్‌కీ అతని భాగస్వామి జొనాథన్ పోన్‌మన్‌కీ బాగా తెలుసు. పాటలు నాసిరకమైతే ఆ ఎత్తులు రెండు నెలల్లో బెడిసికొట్టేవి.

ఇటు వచ్చేవాళ్లకి ఒక మాట. సియాటిల్ వాళ్ల సీటాక్ ఎయిర్‌పోర్టులో సబ్ పాప్ దుకాణం 2014 నుంచీ ఉంది. ఇండియా విమానం కోసం కూర్చునే మన తెలుగువాళ్లు దాని ముందు నుంచి పెట్టెలు ఈడ్చుకుంటూ పోతారు, లోపలికి తొంగి చూసేవాళ్లు తక్కువ. ఇంకో చిత్రం, మార్క్ ఆర్మ్ ఏళ్ల తరబడి సబ్ పాప్ గోదాములో ఉద్యోగం చేస్తున్నాడు. మీరు ఆర్డర్ పెట్టిన మడ్‌హనీ రికార్డు ఆయన చేతి మీదుగా ప్యాక్ అయినా ఆశ్చర్యం లేదు.

గల్లీ_గిటార్ | శనివారం, రాత్రి 9:25

ఏంది! పాడినాయనే పార్శిల్ కడతడా?? గిది పంక్ అన్నా. నా డౌట్ తీరింది.

కాకినాడ_కాసెట్ | ఆదివారం, ఉదయం 8:30

మొత్తం థ్రెడ్ చదివి రెండు వైపులూ విన్నానండి. నాకు ఇద్దరి గోలా ఒకేలా వినబడింది. కానీ లా మేడమ్ గారు చెప్పాక ఆవిడ గొంతు మట్టుకు వేరే పాటలా ఉంది. మా ఇంట్లో వాళ్లు రెండో వైపు సగంలో ఆపేయమన్నారు. కాబట్టి మా ఇంటి ఓటు సోనిక్ యూత్‌కే, ఆయ్.

ఒక సాయం కావాలి. మా నాన్నగారి హెచ్‌ఎమ్‌వీ ప్లేయర్ ఉంది, ఘంటసాల గారి ఈపీలు అందులోనే వినేవాళ్లం. ఈ అమెరికా సింగిల్ కొంటే దాని మీద ఆడుద్దా?

నలభైఐదు | ఆదివారం, ఉదయం 9:05

మన తెలుగు సినిమా ఈపీలకి ఎల్పీలాగే మధ్యలో సన్న చిల్లు. అమెరికా సింగిల్స్‌కి ఎక్కువగా అంగుళంన్నర పెద్ద చిల్లు ఉంటుంది, జ్యూక్‌బాక్సుల కాలం నుంచీ అలాగే. నేరుగా పెడితే అటూ ఇటూ జారుతుంది. మధ్యలో పెట్టే ప్లాస్టిక్ అడాప్టర్ దొరుకుతుంది, అది కొనండి.

అసలు సమస్య సూది. పాత ప్లేయర్ల పికప్ బరువు ఎక్కువ, సూది అరిగి ఉంటే ఒక్కసారికే గాడి పాడవుతుంది. సూది మార్చకుండా పెట్టొద్దు. ఆరు నిమిషాల పాటని ఏడంగుళాల్లో ఇమడ్చాలంటే గాళ్లు దగ్గరదగ్గరగా, సన్నగా పడతాయి, కాబట్టి మడ్‌హనీ వైపే ముందు దెబ్బతింటుంది.

సూదిమొన | ఆదివారం, ఉదయం 9:40

కొనలేనివాళ్లకి: 'హాలోవీన్' కవర్ 1990లో వచ్చిన 'సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్ ప్లస్ ఎర్లీ సింగిల్స్' సీడీలో ఉంది, 'హేట్ ద పోలీస్' కూడా అందులోనే. సోనిక్ యూత్ 'టచ్ మీ' 2007 'డేడ్రీమ్ నేషన్' డీలక్స్ ఎడిషన్ రెండో డిస్క్‌లో ఉంది. దాని పక్కనే బీటిల్స్, నీల్ యంగ్, కెప్టెన్ బీఫ్‌హార్ట్ పాటలకి వాళ్లు చేసిన కవర్లు.

ఇప్పటిదాకా లెక్క: మడ్‌హనీకి రెండు, సోనిక్ యూత్‌కి మూడు, గల్లీ మొగ్గు ఓటు కలిపి. బాబాయ్ గారూ, మీరు అంతా చెప్పారు, ఓటు వేయలేదు.

బెల్‌వ్యూ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 10:30

నా ఓటు మెల్విన్స్‌కి.

ఫజ్‌పెడల్ | ఆదివారం, ఉదయం 10:34

చెల్లదు. వాళ్లు పోటీలోనే లేరు!

బెల్‌వ్యూ_బాబాయ్ | ఆదివారం, ఉదయం 10:41

జవాబు రికార్డు వేశారుగా, నామినేషన్ వేసినట్టే. సూదిమొన గారూ, రాసుకోండి.